ఎడమచేతి దేశం

"ఈ తలుపు ఎత్తు ఎంతండీ?"

మ్యూజియం రెండో అంతస్తులో, ఫోటో విభాగంలో, కంప్యూటర్ ముందు కూర్చుని టీ ఊదుకుంటున్న కుర్రవాడు తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. మెడలో కొలతల టేపు, జుట్టులో రంపప్పొట్టు, చేతిలో ఫోన్. ఆ ఫోన్‌లో అతను మొన్ననే వెబ్‌సైట్‌లో పెట్టిన ఫోటో.

"ఏ తలుపండీ?"

"ఇదిగో, ఇదే. కింద మీరు రాశారుగా, చదవమంటారా? 'సాయంకాలపు ఎండ తాకి సిగ్గుతో ఎర్రబడిన తలుపు.'" చదివి ఫోన్ దించింది. "సిగ్గుపడితే పడింది పాపం. ఎత్తెంత?"

"అది... ఒక ఫీలింగ్ అండీ."

"ఫీలింగ్‌కి మేకులు కొట్టలేనండీ. నాకు అంగుళాలు కావాలి."

ప్రేమకథలు వానతోనో, చూపులతోనో మొదలవుతాయని అందరూ అంటారు. ఈ కథ అంగుళాలతో మొదలైంది. ఏం చేస్తాం, ఎవరి రాత వాళ్ళది.

మనవాడి సంగతి ముందు చెప్పాలి. మ్యూజియంలో చేరి అప్పటికి రెండు నెలలు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, ఏడాది గడవాలి. చేరగానే అతనికి ఒక అట్టపెట్టె అప్పగించారు. నలభై అయిదేళ్ళ కిందట ఒక ఇంజనీరు బావులు తవ్వించడానికి ఓ ఎడారి దేశం వెళ్ళి, నాలుగేళ్ళు అక్కడే ఒక కుటుంబం పక్కన ఉండి తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. అన్నీ స్లైడ్లు. అంటే అట్ట చట్రంలో బిగించిన చిన్న చిన్న ఫిల్మ్ ముక్కలు. మొత్తం ఆరువందల పన్నెండు. వాటిని స్కాన్ చేసి, వెబ్‌సైట్‌లో పెట్టి, ఒక్కోదాని కింద ఒక్కో మాట రాయాలి. ఇంజనీరుగారు పోయి చాలా కాలమైంది. స్లైడ్ల మీద నంబర్లు తప్ప ఆయన ఏమీ రాసిపెట్టలేదు. అయితేనేం, మనవాడి దగ్గర ఊహకి కొదవా? చెలరేగిపోయాడు. నెల తిరిగేసరికి మ్యూజియంలో అతని అసలు పేరు అందరూ మరిచిపోయి 'క్యాప్షన్ బాబు' అనడం మొదలుపెట్టారు.

ఆ అమ్మాయిది కింది అంతస్తులో మోడళ్ళ విభాగం. పడవలు, మిద్దెలు, బండ్లు చిన్న చిన్నగా చేసి అద్దాల పెట్టెల్లో పెట్టే పని. ఆమెకీ అక్కడ పేరు లేదు, అందరికీ 'టేపమ్మాయే'. నాలుగేళ్ళుగా ఎవరో గీసిన డ్రాయింగు చూసి చెయ్యడమే. ఇప్పుడు మొదటిసారి డైరెక్టర్ మేడమ్ ఆమెని పిలిచి, "ఆ ఎడారి ఫోటోలు చూసి ఒక గది కట్టు. బొమ్మ గది కాదు, మనుషులు లోపలికి నడిచి వెళ్ళే గది. బావుంటే ఈ హాల్లో ఇంకో అయిదు గదులు కట్టించి మోడళ్ళ విభాగం మొత్తం నీ చేతికిస్తాను. బాగా రాలేదా, హాలుని గోడౌన్ చేసేస్తారు, పైనుంచి ఎప్పట్నుంచో అడుగుతున్నారు," అని చెప్పింది.

అదీ సంగతి. అందుకే ఆమెకి అంగుళాలు కావాలి.

క్యాప్షన్ బాబు ఫోటోని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. తలుపు పక్కన నీళ్ళు పట్టుకునే రేకు డబ్బా ఒకటి కనిపించింది.

"ఈ డబ్బా ఎక్కడైనా ఒకటే సైజు కదండీ? పద్నాలుగు అంగుళాలు ఉంటుంది. తలుపు అయిదు డబ్బాలంత ఉంది."

ఆమె స్క్రీన్ మీదే టేపు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "అయిదడుగుల పది," అని మొదటిసారి నవ్వింది. "పర్లేదే, మీరు పనికొస్తారు!"

మనవాడు అయిపోయాడు. ఆ ఒక్క ముక్కతో అయిపోయాడంతే.

ఆ రోజు నుంచి భోజనాల వేళ అయిందంటే ఆమె క్యారియర్‌తో సహా పైకి వచ్చేది. బయట ఒకటే వాన. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతుంటే లోపల ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎడారి చూసేవాళ్ళు. మిద్దెల మీద వరసగా మంచాలు వేసుకుని పడుకున్న కుటుంబం. కిటికీ నీడలో వేలాడదీసిన మంచినీళ్ళ కుండ. గుమ్మం బయట చిన్నా పెద్దా చెప్పులు. వేడి రేకు మీద రొట్టె కాలుస్తూ పొగకి కళ్ళు చిట్లించిన ఇల్లాలు. ట్యాంకరు కోసం బారులు తీరిన డబ్బాలు. వీటన్నిటి మధ్యా ప్రతి పదో ఫోటోలో ఒక మేకపిల్లని చంకలో ఇరికించుకుని, ముందు పన్ను ఊడిన నోటితో నవ్వే ఎనిమిదేళ్ళ పిల్ల.

"దీనికి మేకంటే ప్రాణమండీ."

"మేకకి ఇదంటే ప్రాణమేమో. చూడండి, ఎలా ఊపిరాడకుండా పట్టుకుందో."

"మీరన్నీ తిరగేసి చెప్తారేంటండీ!"

తర్వాత ఈ మాట తలుచుకుని మనవాడు చాలాసార్లు తల బాదుకున్నాడు. అది తర్వాత.

ఒకరోజు రెండువందల పద్నాలుగో ఫోటో దగ్గర ఆమె ఆగింది. ఇంటి యజమాని, ఆ మేకని ఎత్తుకునే పిల్ల తండ్రి, అతిథికి కాఫీ ఇస్తున్నాడు. కుడిచేతిలో పొడుగు ముక్కు కెటిల్, ఎడమచేతిలో కప్పు.

"ఇందాకటి ఫోటోలో కూడా ఎడమ చేత్తోనే ఇచ్చాడు. ఇంకో ఆయన కూడా అంతే. ఎందుకండీ?"

తెలియదు అని ఉంటే సరిపోయేది. మొత్తం నాలుగే అక్షరాలు. కానీ ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి తనకేసి చూస్తోందాయె.

"గుండె ఎడమవైపు ఉంటుంది కదండీ. గుండె వైపు చేత్తో ఇస్తే మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు. అక్కడ అదో మర్యాద."

"అబ్బ! ఇలాంటివి ఎక్కడ చదువుతారండీ మీరు?"

ఎక్కడా చదవలేదు. ఆ చూపు చూశాక ఆ మాట ఎవరు మాత్రం చెప్పగలరు? సాయంత్రానికల్లా ఆ ముక్క క్యాప్షన్‌గా వెబ్‌సైట్ ఎక్కింది. వారం తిరిగేసరికి రెండువేల మందికి నచ్చింది. ఎవరో టీచరు పిల్లలచేత వ్యాసం కూడా రాయించిందట. కింద హాల్లో టేపమ్మాయి ఇంటి యజమాని బొమ్మ చేసి, ఎడమచేతికి కప్పు అతికించింది.

ఆరు నెలలకి గది తయారైంది. చెక్క పలకల గోడలు మూడు, వాటిమీద గడ్డి కలిపిన మట్టి పూత, గోడల్లో గూళ్ళు, ఈతాకు చాప, తలుపు. ఎదురుగా నిలబడితే లోపల్నుంచి ఎవరో రమ్మని పిలుస్తారేమో అనిపించేది.

సరిగ్గా అప్పుడు, ఒక సోమవారం పొద్దున డైరెక్టర్ మేడమ్ అందర్నీ పిలిచి, ఫోన్ ఊపుతూ ప్రకటించింది. మేకపిల్లని ఎత్తుకున్న ఆ పిల్ల ఫోటో కింద ఎవరో రాశారు: 'ఆ పిల్లని నేనే.'

"ఆవిడకిప్పుడు యాభై మూడేళ్ళు. కూతురు ఆ ఒక్క ఫోటో చూపించిందట. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, రోడ్డు కింద పోయింది. మనం ఆ గది కట్టామని చెప్పాను. మిగతా ఫోటోలు ముందే చూడదట, వచ్చి గదిలోనే చూస్తానంది. శుక్రవారం పదకొండింటికి వస్తోంది!"

హాలంతా చప్పట్లు. టేపమ్మాయి మాత్రం మెడలోని టేపు రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడింది. క్యాప్షన్ బాబు పక్కకి వెళ్ళి, "ఏంటండీ, భయమా?" అన్నాడు.

"ఆ ఇంట్లో పెరిగిన మనిషండీ. మన మేడమ్‌కి నచ్చడం వేరు, ఆవిడకి నచ్చడం వేరు. ఆవిడ లోపలికొచ్చి ఇది మా ఇల్లే అంటే చాలు నాకు. కాదంటే ఇక టేపు పట్టుకోను."

ఆ సాయంత్రం మనవాడు తిన్నగా నాన్న కొట్టుకి వెళ్ళాడు. నాన్న దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా అదే వీధిలో, అదే మిషను మీద కుడుతున్నాడు. గది ఫోటోలు చూపించాలని వంక. గది ముందు నిలబడిన మనిషిని చూపించాలని అసలు సంగతి.

నాన్న కళ్ళజోడు పైకి తోసి ఫోన్ అందుకున్నాడు. "ఈ పిల్లేనా, ఆరు నెలల్నుంచి నీచేత ఇస్త్రీ చొక్కాలు వేయిస్తున్నది?"

"నాన్నా! గది చూడు, గది."

"చూస్తున్నాలేరా. గది బావుంది, పిల్ల ఇంకా బావుంది." నాన్న వేలితో ఫోటోలు జరుపుతూ ఎడారి ఫోటోల్లోకి వెళ్ళిపోయాడు. ఒకచోట ఆగాడు. బావి తవ్వే మిషను పక్కన నిలబడ్డ నలుగురు పనివాళ్ళు, చొక్కాలూ ప్యాంట్లూ. "ఒరే, ఈ చొక్కాలు కుట్టినవాడెవడు?"

"ఏం?"

"జేబు కుడివైపు పెట్టాడు. గుండీలు చూడు, ఆడవాళ్ళ జాకెట్టుకి ఉండేవైపు ఉన్నాయి. ఒకడిదంటే పొరపాటనుకోవచ్చు. నలుగురివీ అలాగే ఉంటాయా? ఇది చొక్కా తప్పు కాదు, ఫోటో తిరగబడిందిరా!"

మనవాడు ఫోన్ లాక్కుని ఆ నలుగురి జేబులూ మళ్ళీ చూశాడు.

మంగళవారం పొద్దున్నే ఆఫీసు తెరవగానే అట్టపెట్టె తీశాడు. స్లైడుకి రెండు వైపులు, మెరిసే వైపూ మసక వైపూ. ఏది పైకి ఉండాలో స్కానర్ మూత మీదే బొమ్మ వేసి ఉంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా ఆ బొమ్మకేసి చూశాడా? లేదు. ఆయన సాయంకాలపు ఎండకేసి చూస్తున్నాడు కదా! ఆరువందల పన్నెండూ తిరగేసి పెట్టాడు మహానుభావుడు. బోర్డుల మీది రాత చూసైనా తెలియాలి కదా అంటారేమో, ఆ లిపి మ్యూజియంలో ఒక్కరికీ రాదు. ఎటు తిప్పినా అందంగానే కనిపించింది.

రెండువందల పద్నాలుగో స్లైడు సరిగ్గా పెట్టి చూశాడు. కెటిల్ ఎడమచేతిలోకి వెళ్ళింది. కప్పు కుడిచేతిలోకి వచ్చింది. అప్పుడు, ఎనిమిది నెలలు ఆలస్యంగా, ఆ దేశం గురించి కాస్త చదివాడు. అక్కడ ఇంటికొచ్చినవాళ్ళకి కుడిచేత్తోనే ఇస్తారు. ఎడమచేత్తో ఇస్తే గడప దగ్గరే అవమానించినట్టు.

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మనవాడికి ఒక దిక్కుమాలిన ఆలోచన రాకపోలేదు. వెబ్‌సైట్‌లో ఫోటోలన్నీ ఒక్క క్లిక్కుతో తిప్పేయొచ్చు. క్యాప్షన్ చెరిపేయొచ్చు. అప్పుడు ఫోటోలు కరెక్టు, గది ఒక్కటే తప్పు. శుక్రవారం అందరూ గది కట్టిన మనిషికేసి చూస్తారు. మౌస్ మీద వేలు పెట్టి కూడా పెట్టాడు. టేపు పట్టుకుని నిలబడ్డ ఆమె చేతులు గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది. లేచి కిందికి పరిగెత్తాడు.

ఆమె నిచ్చెన మీద నిలబడి గూటి అంచుకి రంగు వేస్తోంది. "వచ్చారా క్యాప్షన్ గారూ. ఆ డబ్బా అందుకోండి."

"ఒకసారి దిగండి."

"ఏం?"

"దిగండి, పడిపోతారు."

"ఏంటీ, కొంపదీసి ప్రపోజ్ చేస్తారా?" అని నవ్వుతూనే దిగింది. ఇంకో రోజైతే ఆ మాటకి మనవాడు వారం దాకా నేల మీద నడిచేవాడు కాదు.

"స్లైడ్లు నేను తిరగేసి స్కాన్ చేశానండీ. అన్నీ. ఫోటోల్లో కుడి అనుకున్నది ఎడమ, ఎడమ అనుకున్నది కుడి. గది... అద్దంలో చూసినట్టు వచ్చింది."

ఆమె తలుపుకేసి చూసింది. గూళ్ళకేసి చూసింది. ఒక్కో గోడా చూసి, చివరికి ఇంటి యజమాని బొమ్మ దగ్గర ఆగింది.

"మరి ఎడమచెయ్యి? గుండె వైపు, మర్యాద అన్నారు?"

"అది నేను కల్పించాను. అక్కడ ఎడమచేత్తో ఇస్తే అవమానమట."

"కల్పించారా?"

"మీరలా చూస్తూ అడిగారు. తెలియదని చెప్పబుద్ధి కాలేదు."

ఆమె మొహం ఎర్రబడింది. "స్లైడు తిరగబడింది, సరే. ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. కానీ నేను అడిగాను! ఎందుకని అడిగాను, నువ్వు నోటికొచ్చింది చెప్పావు. నేను నమ్మి గోడలు కట్టాను. ఆవిడ ఇన్నేళ్ళకి తన ఇంటికొస్తుంటే, వాళ్ళ నాన్న చేతే ఆవిడకి అవమానం చేయిస్తున్నాను!" బయటికి చెయ్యి చూపించింది. "వెళ్ళు. నా కళ్ళ ముందు ఉండకు."

ఆరు నెలల్లో మొదటిసారి 'నువ్వు' అంది. ఆ పిలుపు కోసం మనవాడు ఎన్ని కలలు కన్నాడో! ఇలా వస్తుందనుకోలేదు.

తిన్నగా డైరెక్టర్ మేడమ్ గదికి వెళ్ళి, తప్పు మొత్తం తనదేనని, గది కట్టిన మనిషికి ఏమీ తెలియదని కాగితం మీద రాసిచ్చాడు. ఈసారి ఒక్క వర్ణన లేదు. మేడమ్ రెండుసార్లు చదివింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

"శుక్రవారం ఆవిడకి తెలిసేది మేడమ్. మాట ఆ అమ్మాయి పడేది."

మేడమ్ నుదురు పట్టుకుంది. "ఆవిడ టిక్కెట్లు కూడా కొనేసుకుంది, వాయిదా కుదరదు. హాలుకి తాళం వెయ్యండి. ఆవిడకి ఫోటోలు సరిచేసి స్క్రీన్ మీద చూపిద్దాం. నీ సంగతి శుక్రవారం తర్వాత చూస్తాను."

హాలుకి తాళమంటే అది గోడౌన్ అయిపోయినట్టే. మనవాడు మెట్ల మీద కూలబడి నాన్నకి ఫోన్ చేశాడు. అంతా విని నాన్న ఒకే మాట అన్నాడు. "అక్కడే ఉండు, వస్తున్నా."

ముప్ఫై ఏళ్ళలో పనిదినాన మధ్యాహ్నం పూట కొట్టు మూయడం అదే మొదటిసారి. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి అలాగే వచ్చేశాడు.

టేపమ్మాయి గది మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. నాన్న పలకరించలేదు, ఓదార్చలేదు. గోడల వెనక్కి వెళ్ళి బొటనవేలితో చెక్కని రాసి చూశాడు, గుడ్డ చూసినట్టు.

"అమ్మాయ్, మట్టి లోపలివైపే పూశావా?"

ఆమె తలెత్తింది. ఒక మెడలో టేపు ఇంకో మెడలో టేపుని చూసింది. "అవునండీ. వెనకవైపు ఎవరు చూస్తారని, ఉత్త చెక్కే."

"కిటికీలూ గూళ్ళూ ఈ వైపు నుంచి ఆ వైపుకి కోసినవేగా?"

"ఆ. గూళ్ళకి వెనక పెట్టెలు బిగించాను, మరమేకులతో."

"మరింకేం? తిరగెయ్యి."

"ఏంటండీ?"

"ఇదిగో చూడు. ఒక్కోసారి పరధ్యానంలో చొక్కా రెండు చేతులూ ఎడమచేతికే కత్తిరించేస్తాం. గుడ్డకి రెండువైపులా రంగు ఒకటే అయితే ఏడవక్కర్లేదు. ఒకదాన్ని తిరగేస్తాం, లోపలిది బయటికి. అంతే, కుడిచెయ్యి అయి కూర్చుంటుంది. నీ గది కూడా చొక్కా చెయ్యిలాంటిదే కదా? వెనకవైపు మట్టి పూసి, వెనకవైపు లోపలికొచ్చేట్టు నిలబెట్టు."

ఆమె గబుక్కున లేచి, గాలిలో చేతులు తిప్పుతూ తనలో తనే అనుకుంది. "ఎడమ గోడ కుడివైపుకి... కుడి గోడ ఎడమవైపుకి... వెనక గోడ వీపు ముందుకి... గూళ్ళ పెట్టెలు విప్పి ఇటు బిగిస్తే... అంకుల్!" అని నాన్న రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "అంకుల్, మీరు దేవుడు!"

"దేవుణ్ణి కాదమ్మా, దర్జీని. ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు రోజులున్నాయి. చాలవు. కానీ చాలాలి!"

గుమ్మం దగ్గర తటపటాయిస్తూ నిలబడ్డ మనవాడి మీద అప్పుడు ఆమె చూపు పడింది. మనవాడు తల దించుకున్నాడు.

"అక్కడ నిలబడి ఏం చూస్తున్నావు? నీళ్ళు పట్రా. మట్టి ఎవరు తొక్కుతారు, నీ స్కానరా?"

ఆ తిట్టు మనవాడికి సన్నాయిలా వినిపించింది.

డైరెక్టర్ మేడమ్ విని, "శుక్రవారం పది గంటలకి చూస్తాను. ఆరకపోతే తాళమే," అంది. వడ్రంగులిద్దరు గోడలు విప్పారు. క్యాప్షన్ బాబు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గడ్డి కలిపిన మట్టి తొక్కాడు, మోశాడు, గోడకి కొట్టాడు. మొహం కనిపించనంతగా మట్టి. ఆమె పక్కనే మరో గోడ మెత్తుతూ అప్పుడప్పుడూ ఓరకంట చూసి, నవ్వొస్తే అటు తిరిగేది. అంత తొందరగా క్షమించకూడదని ఆమె పట్టుదల.

తలుపు పైన ఆ ఇంటివాళ్ళు ఏదో రాసుకున్నారు. దాన్ని ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, కాగితం తిరగేసి, మళ్ళీ రాయాల్సి వచ్చింది.

"ఏం రాసుంటుందంటావు?" అంది ఆమె, కావాలనే.

మనవాడి బుర్రలో నాలుగు అందమైన వాక్యాలు మెదిలాయి. మింగేశాడు. "తెలియదు."

"ఏమన్నావు?"

"తెలియదు అన్నాను."

"ఇంకోసారి అను. బావుంది వినడానికి."

మాట వరసకి అన్నది కాదు. ఆమె కళ్ళు చూస్తే మనవాడికే అర్థమైంది.

అంతా బాగానే ఉంది, వాన ఒక్కటే ఆగలేదు. గురువారం మధ్యాహ్నానికి మట్టి ఇంకా చెమ్మగానే ఉంది. వేలు పెడితే గుంట పడుతోంది. మనవాడు తన టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాడు. అది చూసి లైబ్రరీ ఆవిడ తనది పంపింది. టిక్కెట్ల కౌంటరాయన ఉక్కపోతకి తిట్టుకుంటూనే తనది మోసుకొచ్చాడు. సాయంత్రానికి హాల్లో పదిహేడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పద్ధెనిమిదోది డైరెక్టర్ మేడమ్ గదిలోది. ఆవిడే వచ్చి ప్లగ్గు పెట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం పదింటికి మేడమ్ గోడ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. వేలికి ఏమీ అంటలేదు. "తెరవండి హాలు," అంది.

పదకొండింటికి ఆవిడ వచ్చింది. పొడుగ్గా, నల్లటి దుస్తుల్లో, కూతురి చెయ్యి పట్టుకుని. హాల్లో అందరూ ఉన్నారు. నాన్న కూడా వెనక వరసలో కాలివేళ్ళ మీద నిలబడ్డాడు. టేపమ్మాయి తనకి తెలియకుండానే పక్కనున్న క్యాప్షన్ బాబు మణికట్టు పట్టుకుంది. మనవాడికి అది నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది, వదిలితే బావుండునని మాత్రం అనుకోలేదు.

ఆవిడ గడప దగ్గర ఆగింది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచింది. లోపలికి అడుగుపెడుతూ, చూడనైనా చూడకుండా, కుడిచెయ్యి చాపింది. ఆ చెయ్యి తలుపు పక్క గూట్లోకి వెళ్ళి అగ్గిపెట్టె మీద ఆగింది. అక్కడే ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది. చిన్నప్పుడు రోజూ సాయంత్రం దీపం వెలిగించే పని తనదేనని కూతురు ఇంగ్లీషులో చెప్పింది.

తర్వాత ఆవిడ వెనక్కి తిరిగి తలుపు పైకి చూసింది. పెదాలు కదుపుతూ చదివింది. చదివి ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది. కూతురికీ నవ్వాగలేదు.

"ఏం రాసుందండీ?" మేడమ్ ఉండబట్టలేక అడిగింది.

"'మేకకి లోపలికి ప్రవేశం లేదు!' అమ్మ స్కూలు పుస్తకాలు మేక తినేసిందట. మా తాతగారు కోపమొచ్చి రాశారట!"

హాలు హాలంతా గొల్లుమంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని తండ్రి బొమ్మ ముందుకి వెళ్ళి చాప మీద కూర్చుంది. ఆయన కుడిచేతిలో కప్పుంది. ఆవిడ తన కుడిచెయ్యి చాపి ఆ కప్పుని మెల్లగా తాకి, "ఇది మా ఇల్లే," అంది. కూతురు తర్జుమా చెయ్యక ముందే అందరికీ అర్థమైంది.

టేపమ్మాయి బావురుమంది. ఆవిడ లేచి వచ్చి ఆమెని గుండెకి హత్తుకుని, తలా చెంపలూ నిమిరింది. మేడమ్ అందరి ముందూ ప్రకటించేసింది. మిగతా అయిదు గదులూ ఈ అమ్మాయే కడుతుంది, మోడళ్ళ విభాగం ఇవాళ్టి నుంచి ఆమెది. గోడౌన్ మాట ఎవరైనా ఎత్తితే తన దగ్గరికి పంపమంది. తర్వాత క్యాప్షన్ బాబుకేసి తిరిగింది. "నువ్వు ఆరువందల పన్నెండూ మళ్ళీ స్కాన్ చెయ్యాలి. క్యాప్షన్లన్నీ ఆవిణ్ణి అడిగి రాయాలి, ఒక్క ముక్క సొంతం కాదు. దానికి ఇంకో ఏడాది పడుతుంది. అంటే నిన్ను పర్మనెంట్ చెయ్యక నాకు తప్పదన్నమాట."

ఇంతలో ఆవిడ, క్యాప్షన్ బాబు మణికట్టు ఇంకా వదలని టేపమ్మాయి చేతికేసి చూసి, కూతురి చెవిలో ఏదో అడిగింది.

"మీ ఇద్దరిదీ ప్రేమ పెళ్ళా, పెద్దవాళ్ళు చేసిందా అని అడుగుతోంది మా అమ్మ."

టేపమ్మాయి చటుక్కున చెయ్యి వదిలేసింది. "ఇంకా పెళ్ళి కాలేదండీ."

"ఇంకా అన్నావు," అన్నాడు మనవాడు.

"అన్నాను. అయితే?"

"అంటే..."

"అంటే ఏంటో నువ్వు చెప్పు. ఆరువందల ఫోటోలకి చెప్పావు, నాకొక్క మాట చెప్పలేవా?"

మనవాడికి చెప్పాల్సినవన్నీ గొంతు దాకా వచ్చి, ఒక్కటీ నిలవక, చివరికి ఒట్టి మాట మిగిలింది. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"వినపడలేదు. ఫ్యాన్లు మోత పెడుతున్నాయి."

"నువ్వంటే నాకిష్టం!" అని అరిచాడు మనవాడు. "పెళ్ళి చేసుకుంటావా?"

టిక్కెట్ల కౌంటర్ దాకా వినిపించింది. మేడమ్ ఇంగ్లీషులో చెబుతుంటే ఆవిడ కూతురు గబగబా తల్లికి తర్జుమా చేస్తోంది. టేపమ్మాయి కళ్ళు తుడుచుకుని, అంతకంటే గట్టిగా, "చేసుకుంటాను!" అంది.

ఒకటే చప్పట్లు, ఈలలు. జనాన్ని తోసుకుంటూ నాన్న ముందుకొచ్చాడు. ఆయన కళ్ళజోడు మసకబారింది. "చాలా సంతోషమమ్మా. కానీ ఇలా నలుగురిలో తేల్చేసుకుంటే ఎలా? ముందు మీ అమ్మగారికి చెప్పాలి కదా. రేపే వస్తాను మాట్లాడటానికి."

"రండి అంకుల్, అమ్మ ఎదురుచూస్తోంది. నాలుగు నెలల కిందటే చెప్పేశాను."

"నాలుగు నెలలా?" మనవాడు నోరెళ్ళబెట్టాడు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా," అంది ఆమె, ఈసారి అందరి ముందూ కావాలనే అతని చెయ్యి పట్టుకుని.